కార్డోవా న్యాయాధిపతి, గ్రీకు విజ్ఞానము

దూదిపింజను నిప్పునకు తాకించినచో అది భగ్గున మండిపోవును. ఎందుకు కాలినదని అడిగినచో, నిప్పు కాల్చినది కావున కాలినదని ఏ బాలుడైనను చెప్పును. ఇంత తేలికయగు సమాధానముపై ఒకప్పుడు గొప్ప వాదము జరిగినదన్న పాఠకులకు ఆశ్చర్యము కలుగవచ్చును.

వాదమును లేవదీసినవాడు అల్ గజాలి. ఈయన ఇరాను దేశీయుడు, బాగ్దాదులో ఆచార్యుడుగా నుండిన మహాపండితుడు. 1111 లో మరణించెను. నిప్పు తాకుటను, దూది కాలుటను మనము ఒకదాని వెంట మరియొకటి చూచుచున్నామే గాని, మొదటిది రెండవదానికి కారణమగుటను కన్నులతో చూచుట లేదని ఆయన వాదించెను. ఆ రెంటిని జతపరచునది దైవసంకల్పము. దేవుడు తలచినచో నిప్పు తాకియు దూది కాలకుండవచ్చునని ఆయన మతము. ఇది తీసిపారవేయదగిన వాదము కాదు. కారణము కంటికి కనబడదను మాటను 18వ శతాబ్దమున హ్యూమ్ అను స్కాట్లండు తత్త్వవేత్త వేరొక దారిలో మరల లేవనెత్తెను. గజాలి విజ్ఞానద్వేషియు కాడు. గ్రహణములకు గణిత శాస్త్రజ్ఞులు చెప్పు కారణములను మతము పేర కాదనువారు మతమునకే హాని చేయుచున్నారని ఆయనయే హెచ్చరించెను.

ఈ వాదమునకు సుమారు 1180 ప్రాంతమున స్పెయిను దేశపు కార్డోవా నగరమునుండి సమాధానము వచ్చెను. ప్రతి వస్తువునకును తనదైన స్వభావము, ఆ స్వభావమునుబట్టి తనదైన క్రియ కలవు. కాల్చుట నిప్పు స్వభావము. కారణములను కాదన్నచో వస్తువులకు పేళ్లు పెట్టుటయే వ్యర్థమగును, జ్ఞానమనునదే మిగులదు అని ఆ సమాధానపు సారాంశము. ఇట్లు వ్రాసినవాడు ఇబ్న్ రుష్ద్. యూరపు పండితులు ఆయనను అవెర్రోస్ అని పిలిచిరి. ఆయన చరిత్ర విజ్ఞాన శాస్త్రము బోధించువారును చదువుకొనువారును తెలిసికొనదగినది.

గ్రీకు గ్రంథముల ప్రయాణము

అరిస్టాటిల్ క్రీ. పూ. 322 లో మరణించెను. ఆయన గ్రంథములు గ్రీకు భాషనుండి కొన్ని తిన్నగాను, కొన్ని సిరియక్ భాష మీదుగాను అరబ్బీలోనికి వచ్చినవి. ఈ మహాకార్యము 8వ శతాబ్దమునుండి 10వ శతాబ్దము వరకు ముఖ్యముగా బాగ్దాదు నగరమున జరిగెను. అనువాదకులలో అగ్రగణ్యుడగు హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్ క్రైస్తవుడు. పోషకులు ముస్లిములు. మూల గ్రంథకర్త ఈ రెండు మతములును పుట్టకముందే జీవించిన గ్రీకు. విజ్ఞానమునకు ఎల్లలు లేవనుటకు ఇంతకన్న మంచి నిదర్శనము అరుదు.

ఆ గ్రంథములు ఉత్తరాఫ్రికా మీదుగా స్పెయిను చేరినవి. అప్పుడు ఆ దేశపు దక్షిణభాగము ముస్లిముల యేలుబడిలో అల్ అందలుస్ అను పేర నుండెను. అందు కార్డోవా పెద్ద విద్యాకేంద్రము. ఇబ్న్ రుష్ద్ 1126 లో అచ్చట జన్మించెను. ఆయన తాత ఆ నగరమునకు ప్రధాన న్యాయాధిపతి. ఇంటిలో న్యాయశాస్త్రము కులవిద్య. ఆయన దానితోబాటు వైద్యమును, గణితమును, తత్త్వమును అభ్యసించెను. వైద్యముపై వ్రాసిన గ్రంథము తరువాత లాటినులోనికి ‘కొలిజెట్’ అను పేర అనువదింపబడి యూరపు వైద్య విద్యార్థులకు పాఠ్యగ్రంథమయ్యెను.

ఖలీఫా అడిగిన ప్రశ్న

సుమారు 1169 లో, రాజవైద్యుడును తత్త్వవేత్తయు నగు ఇబ్న్ తుఫైల్ ఆయనను ఖలీఫా అబూ యాకూబ్ యూసుఫ్ ఎదుటికి తీసికొని పోయెను. కుశల ప్రశ్నలు ముగిసిన వెంటనే ఖలీఫా, ఆకాశమును గూర్చి తత్త్వవేత్తల అభిప్రాయమేమి, అది అనాదియా, సృష్టింపబడినదా అని అడిగెను.

ప్రశ్న చిన్నదే, కాని ప్రమాదకరమైనది. జగత్తునకు ఆది లేదని అరిస్టాటిల్ మతము. జగత్తును దేవుడు సృష్టించెనని మతగ్రంథము చెప్పుచున్నది. ఇబ్న్ రుష్ద్ భయపడి, తాను తత్త్వశాస్త్రము చదువనేలేదని తప్పించుకొనజూచెను. ఖలీఫా ఆయన భయమును గ్రహించి, ఇబ్న్ తుఫైల్ వైపు తిరిగి, అరిస్టాటిల్, ప్లేటోలు చెప్పినదానిని, దానికి మతపండితులు చేసిన ఖండనలను తానే వివరింప మొదలిడెను. ఏలికయే ఇంత చదివినవాడని తెలిసిన పిదప ఇబ్న్ రుష్ద్‌కు ధైర్యము వచ్చి నోరు విప్పెను. వెడలునప్పుడు ఖలీఫా ఆయనకు ధనమును, వస్త్రమును, వాహనమును బహూకరించెను.

తరువాత ఇబ్న్ తుఫైల్ ఆయనను పిలిపించి, అరిస్టాటిల్ గ్రంథములు అర్థమగుట లేదని ఖలీఫా వాపోవుచున్నాడనియు, తాను వృద్ధుడననియు, వానిని విశదపరచు పనికి నీవే పూనుకొనవలెననియు చెప్పెను. ఆ పనియే ఇబ్న్ రుష్ద్ జీవితకార్యమయ్యెను. సెవిల్, కార్డోవాలలో న్యాయాధిపతిగాను, 1182 నుండి రాజవైద్యుడుగాను పని చేయుచునే ఆయన దానిని సాగించెను.

మూడు తరగతుల వ్యాఖ్యానములు

ఆయన వ్యాఖ్యానములు మూడు విధములు. మొదటివి విషయమును మాత్రము చెప్పు సంగ్రహములు. రెండవవి మూలమును తన మాటలలో విప్పి చెప్పునవి. మూడవవి మూలమును ఖండములుగా విడదీసి, ఒక్కొక్క ఖండమునే పూర్తిగా వ్రాసి, దాని క్రింద ప్రతిపదమును పరిశీలించు మహావ్యాఖ్యలు. ఈ మహావ్యాఖ్యలను ఆయన ఐదు గ్రంథములకు మాత్రమే రచించెను. అవి ప్రమాణశాస్త్రము, భౌతికశాస్త్రము, ఆకాశమును గూర్చినది, ఆత్మను గూర్చినది, తత్త్వశాస్త్రము.

ఆయనకు గ్రీకు భాష రాదు. అందువలన దొరికిన అరబ్బీ అనువాదములను ఒకదానితో నొకటి పోల్చి, పూర్వపు గ్రీకు వ్యాఖ్యాతలు చెప్పినదానిని చూచి, అరిస్టాటిల్ నిజముగా ఏమి చెప్పెనో తేల్చుటకు యత్నించెను. పూర్వులగు అరబ్బు తత్త్వవేత్తలు, ముఖ్యముగా ఇబ్న్ సీనా, అరిస్టాటిల్ మాటలలో ఇతరుల సిద్ధాంతములను కలిపిరని ఆయన విమర్శించెను. మతమునకు పొందుపడునట్లు అరిస్టాటిల్‌ను దిద్దుట ఆయనకు సమ్మతము కాదు. ఒక గ్రంథమును చదువునప్పుడు, ఇది మన నమ్మకమునకు సరిపోవునా అని గాక, గ్రంథకర్త ఏమి చెప్పెను, దానికి ఏ ఋజువు చూపెను అని అడుగవలెను. గ్రీకు విజ్ఞానమును లౌకిక దృష్టితో చదువుట అనగా ఇదియే.

ఇట్టి చదువు ఆయన చూపును తన చుట్టునున్న సమాజముపైకి కూడ మరలించెను. అరిస్టాటిల్ రాజనీతి గ్రంథము దొరకకపోవుటచే ఆయన ప్లేటో రచించిన ‘రిపబ్లిక్’కు వ్యాఖ్య వ్రాసెను. తన దేశపు నగరములలో స్త్రీలను సంతానమును కని పెంచుటకే పరిమితము చేయుటచే వారి సామర్థ్యము వెలికి రాకున్నదనియు, వారు మొక్కలవలె బ్రదుకుచున్నారనియు, ఆ నగరముల పేదరికమునకు ఇది యొక కారణమనియు అందు వ్రాసెను. 12వ శతాబ్దపు న్యాయాధిపతి ఈ మాట వ్రాసెనన్నది గమనింపదగినది.

కత్తి ఎవరిది?

ఇబ్న్ రుష్ద్ నాస్తికుడని కొందరు తలచిరి. అది పొరపాటు. ఆయన తన మతమును నమ్మినవాడు, ధర్మశాస్త్రము ప్రకారము తీర్పులు చెప్పినవాడు. తత్త్వశాస్త్రము చదువుట ధర్మసమ్మతమా, కాదా అను ప్రశ్నను ఆయన ఒక వ్యాజ్యమువలె విచారించి, చిన్న గ్రంథము వ్రాసెను. అందలి ఉపమానములు రెండు చెప్పుదును.

బలి ఇచ్చుటకు కత్తి కావలెను. కత్తి పదునుగా నున్నదా, నియమములకు సరిపోవునా అని చూతుమే గాని, అది మన మతమువానిదా, పరమతమువానిదా అని అడుగము. తర్కమును అట్టి పనిముట్టే. గ్రీకులు దానిని సిద్ధము చేసి యుంచినచో, మనము తీసికొని వాడుకొనవలెను. సరియైనదానిని కృతజ్ఞతతో గ్రహింపవలెను, కానిదానిని చూపి హెచ్చరింపవలెను. ఇక రెండవది: నీరు త్రాగుచు గొంతు పట్టి ఒకడు చనిపోయెనని, దాహముతోనున్నవానికి నీరీయకుండుట న్యాయమా? తత్త్వశాస్త్రము చదివి ఎవడో చెడెనని అందరికి దానిని నిషేధించుటయు అట్టిదే.

సత్యము సత్యమునకు విరోధి కాజాలదని ఆయన నిశ్చయము. ఋజువుచే తేలిన విషయమునకు మతగ్రంథ వాక్యము విరోధముగా కనబడినచో, ఆ వాక్యమునకు లక్ష్యార్థము చెప్పుకొనవలెనని ఆయన తీర్పు. అయితే ఒక పరిమితి. ఈ చర్చ చదువుకొన్న కొద్దిమందికే తగునని, సామాన్య జనులకు చెప్పరాదని ఆయన భావించెను. విజ్ఞానమును అందరికి పంచవలెనను నేటి ఆశయము ఆయనది కాదు.

శూన్యములో చలనము

ఇక భౌతికశాస్త్ర విద్యార్థులకు సంబంధించిన కథ. గాలి, నీరు మొదలగు యానకములలో వస్తువు కదలునప్పుడు దాని వేగము బలమును నిరోధముచే భాగింపగా వచ్చునని అరిస్టాటిల్ భావమును చెప్పుకొనవచ్చును. బలము 12, నిరోధము 3 అయినచో వేగము 4. నిరోధము 1 అయినచో వేగము 12. నిరోధము అరకు తగ్గినచో 24. నిరోధము సున్న అయినచో? వేగమునకు అంతు ఉండదు. అది అసంభవము, కావున శూన్యమే అసంభవమని అరిస్టాటిల్ తేల్చెను.

స్పెయినులోనే, ఇబ్న్ రుష్ద్‌కు ముందుతరమువాడు ఇబ్న్ బాజ్జా దీనిని ఒప్పుకొనలేదు. నిరోధము వేగమును తగ్గించునే గాని, వేగమునకు మూలము కాదని ఆయన వాదము. అనగా భాగహారము కాదు, తీసివేత. పై లెక్కలో నిరోధము 3 అయినచో వేగము 9. 1 అయినచో 11. సున్న అయినచో 12. అంతులేని వేగము రాదు. ఆకాశగోళములకు ఏ నిరోధమును లేకున్నను అవి మితమైన వేగముతోనే తిరుగుచున్నవి కదా అని ఆయన చూపెను. అలెగ్జాండ్రియా పండితుడు ఫిలోపోనస్ 6వ శతాబ్దముననే ఇట్టి అభిప్రాయమును వెలిబుచ్చెను.

ఇబ్న్ రుష్ద్ భౌతికశాస్త్ర మహావ్యాఖ్యలో ఇబ్న్ బాజ్జా వాదమును విపులముగా వ్రాసి, పిదప ఖండించి, అరిస్టాటిల్ పక్షమునే వహించెను. ఇచ్చట ఓడవలసినవాడు గెలిచెననవలెను. కాని ప్రత్యర్థి వాదమును కుదింపక, వక్రీకరింపక వ్రాసియుంచుటచే, ఆ వ్యాఖ్య లాటినులోనికి పోయినప్పుడు ఇబ్న్ బాజ్జా వాదమును దానితోబాటు పోయెను. యూరపు పండితులు దానిపై తరతరములుగా చర్చించిరి. సుమారు 1590 లో గెలీలియో పీసా నగరమున చలనముపై వ్రాసిన తొలి రచనలో, వేగము భాగహారముచే గాక తీసివేతచే వచ్చుననియు, శూన్యములోను వేగము మితమేననియు వాదించెను. ఈ పోలికను ఎర్నెస్ట్ మూడీ అను చరిత్రకారుడు 1951 లో సవిస్తరముగా చర్చించెను.

నేటి శాస్త్రము ప్రకారము ఈ తీసివేత సూత్రమును సరియైనది కాదు. గెలీలియోయే దానిని విడిచి, 1638 లో ప్రకటించిన గ్రంథమున త్వరణ నియమమును చెప్పెను. బలము కలిగించునది వేగము కాదు, వేగములోని మార్పు అని 1687 లో న్యూటన్ స్థిరపరచెను. అయినను శూన్యములో చలనమును గూర్చి ఆలోచించుటకు దారి తెరచినది ఆ పాత చర్చయే.

ఆకాశముతో పేచీ

ఖగోళ శాస్త్రమున ఇబ్న్ రుష్ద్ అనుభవము వేరు. టాలెమీ గ్రహముల గతులను లెక్కించుటకు చిన్న వృత్తములను పెద్ద వృత్తములపై నమర్చెను. కొన్ని వృత్తముల కేంద్రములను భూమికి దూరముగా జరిపెను. లెక్కలు సరిపడినవి. కాని అన్ని గోళములును భూమినే కేంద్రముగా గొని తిరుగవలెనను అరిస్టాటిల్ భౌతిక సిద్ధాంతమునకు ఇది విరుద్ధము. తన కాలపు ఖగోళ శాస్త్రము లెక్కకు సరిపోవునే గాని ఉన్న వస్తువునకు సరిపోదని ఇబ్న్ రుష్ద్ అసంతృప్తి చెందెను. యౌవనమున దీనిని తానే పరిష్కరింపగలనని ఆశించితిననియు, వార్ధక్యమున ఆ ఆశ వదలుకొంటిననియు తత్త్వశాస్త్ర వ్యాఖ్యలో వ్రాసికొనెను.

ఆయన అడిగిన ప్రశ్న చక్కనిది: లెక్క సరిపోయినంత మాత్రమున అది సత్యమగునా? కాని ఆయన వెదకిన జవాబు తప్పు. గోళములన్నిటికి భూమియే కేంద్రమైనచో ప్రతి గ్రహమును ఎల్లప్పుడు మనకు సమదూరముననే యుండవలెను. అట్లయిన కుజుడు ఒకప్పుడు దేదీప్యమానముగాను, మరియొకప్పుడు మందముగాను కనబడుటకు కారణముండదు. ఇచ్చట ఆకాశము చెప్పుచున్నదానికన్న అరిస్టాటిల్ చెప్పినది ఆయనకు ఎక్కువ ప్రమాణమయ్యెను.

బహిష్కారము, మరణము

1195 లో ఆయన దశ తిరిగెను. అప్పటి ఖలీఫా, అబూ యాకూబ్ కుమారుడు అల్ మన్సూర్, ఆయనను కార్డోవాకు దక్షిణముననున్న లుసేనా అను చిన్న ఊరికి పంపివేసెను. ఆయన తత్త్వగ్రంథములను కాల్చవలెనని ఆజ్ఞ వెలువడెను. అప్పుడు క్రైస్తవ రాజ్యములతో యుద్ధము సాగుచుండెను. ఖలీఫాకు మతపండితుల మద్దతు అవసరమయ్యెనని పెక్కుమంది చరిత్రకారుల అభిప్రాయము. కొంతకాలమునకు శిక్ష రద్దయి ఆయన మర్రాకెష్ నగరమునకు రప్పింపబడెను గాని, 1198 డిసెంబరులో అచ్చటనే మరణించెను. మూడు మాసముల పిదప భౌతికకాయమును కార్డోవాకు తరలించిరి. వాహన జంతువునకు ఒకవైపు శవపేటికను, బరువు సరితూగుటకు రెండవవైపు ఆయన గ్రంథములను కట్టిరని, ఆ దృశ్యమును కన్నులార చూచిన ఇబ్న్ అరబీ వ్రాసియుంచెను.

పారిస్ నగరమున కలకలము

ఆ గ్రంథములు అచ్చటితో ఆగలేదు. 13వ శతాబ్దపు తొలి అర్ధభాగమున మైకేల్ స్కాట్ మున్నగువారు వానిని లాటినులోనికి, జాకబ్ అనతోలి మున్నగు యూదు పండితులు హీబ్రూలోనికి అనువదించిరి. భౌతికశాస్త్ర మహావ్యాఖ్య అరబ్బీ మూలము నేడు లభించుట లేదు. పరభాషలే దానిని నిలిపినవి.

1255 నాటికి పారిస్ విశ్వవిద్యాలయమున అరిస్టాటిల్ గ్రంథములు పాఠ్యాంశములయ్యెను. ‘వ్యాఖ్యాత’ అన్నంతమాత్రమున అది ఇబ్న్ రుష్దేనని అందరికిని తెలియుచుండెను. సిగేర్ మొదలగు యువాచార్యులు తాము తత్త్వవేత్తల అభిప్రాయమును మాత్రమే వివరించుచున్నామనియు, మతవిషయము వేరనియు పాఠములు చెప్పిరి. మానవులందరి బుద్ధియు ఒక్కటేనను ఇబ్న్ రుష్ద్ సిద్ధాంతము పెద్ద గొడవకు దారి తీసెను. అందరికి బుద్ధి ఒక్కటే అయినచో, ఒక్కొక్కరి ఆత్మ మరణానంతరము వేరుగా నిలుచునని ఎట్లు చెప్పుట? ఆయనను మిక్కిలి గౌరవించిన థామస్ అక్వినాసే 1270 లో ఈ సిద్ధాంతమును ఖండించుచు గ్రంథము వ్రాసెను.

1277 మార్చి 7న పారిస్ బిషప్ తాంపియే 219 ప్రతిపాదనలను నిషేధించెను. వానిలో జగత్తునకు ఆది లేదనునది యొకటి. దేవుడు ఆకాశమును ఋజురేఖలో జరుపజాలడు, జరిపినచో శూన్యము మిగులును అనునది మరియొకటి. ఈ రెండవదానిని నిషేధించుటచే విచిత్రమైన ఫలము కలిగెను. శూన్యము అసంభవమని ఇక ఎవరును గట్టిగా చెప్పరాదు. కావున పండితులు శూన్యమున్నచో ఏమి జరుగునని ఊహింపసాగిరి. ఈ నిషేధమే ఆధునిక విజ్ఞానమునకు పుట్టుక అని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పియేర్ దూయెమ్ వాదించెను. అది అతిశయోక్తి యని తరువాతి చరిత్రకారులలో పెక్కుమంది తలచిరి. నిషేధము ఎన్నడును విజ్ఞానమునకు స్నేహితుడు కాదు. నిషేధము నడుమ గూడ ఆలోచించినవారిదే ఆ ఘనత.

మనము గ్రహింపవలసినది

1852 లో ఫ్రాన్సున ఎర్నెస్ట్ రెనాన్ ఇబ్న్ రుష్ద్‌పై ప్రసిద్ధ గ్రంథము ప్రకటించెను. 1903 లో ఈజిప్టున ఫరా ఆంతూన్, మతాధికారము వేరు, రాజ్యాధికారము వేరుగా నుండవలెనను తన ఆశయమునకు ఇబ్న్ రుష్ద్‌ను ఆదర్శముగా గొని గ్రంథము ప్రకటించెను. ఈ విషయమున ముహమ్మద్ అబ్దూ అను పండితుడు ఆయనతో వాదమునకు దిగెను. ప్రతి తరము తనకు కావలసిన ఇబ్న్ రుష్ద్‌ను చూచుకొనెను. ఆయన అరిస్టాటిల్‌ను ఎట్లు చదువవలెనని చెప్పెనో, ఆయనను గూడ మనము అట్లే చదువవలెను: ఆయన ఏమి చెప్పెను? దానికి ఋజువేమి?

ఒకసారి తరగతిలో, బరువైన రాయియు తేలికయగు రాయియు ఒకేసారి నేలను ఎందుకు చేరునని నేను అడిగితిని. ఒక విద్యార్థి లేచి “గెలీలియో చెప్పాడు కదండీ” అని బదులు చెప్పెను. తరగతి నవ్వినది గాని, నాకు నవ్వు రాలేదు. నేనును ఆ పాఠమును గెలీలియో పేరు చెప్పియే ముగించితిని. రెండు రాళ్లు తెచ్చి వారి ఎదుట విడిచి చూపలేదు. మరునాడు ఆ పని చేసితిని.

మతగ్రంథము చెప్పినదను కారణమున ప్రకృతిని గూర్చిన ప్రశ్నను మూసివేయరాదని ఇబ్న్ రుష్ద్ బోధించెను. అది ఆయన గొప్పతనము. అరిస్టాటిల్ చెప్పెనను కారణమున మాత్రము ఆయనయే కొన్ని ప్రశ్నలను మూసివేసెను. అది ఆయన లోపము. అయినను తనకు నచ్చని వాదమును నిజాయితీతో వ్రాసియుంచుటచే, ఆ లోపమును దిద్దు సాధనమును గూడ ఆయనయే మనకు అప్పగించెను. పెద్ద పేరు మతగ్రంథమునది కానిండు, అరిస్టాటిల్‌ది కానిండు, పాఠ్యపుస్తకములోని న్యూటన్‌ది కానిండు, పేరు ఋజువునకు బదులు కాజాలదు.